మచ్చలేని ఆటగాడికి

వుర్రింగ్,
1989 మే 16, మంగళవారం

చిరంజీవి క్లైవ్‌కి,

అక్క నోలా దీవించి రాయునది అని మొదలుపెట్టాలి. ఈసారి దీవించడానికి చెయ్యి రావడం లేదు కాబట్టి రాయునది అన్నంతవరకే తీసుకో. ఇక్కడ మేం క్షేమం. క్షేమమంటే తింటున్నాం, పడుకుంటున్నాం, లేస్తున్నాం. నువ్వు క్షేమమేనా అని నేను అడగను. ఆదివారం టీవీలో నీలం కోటు వేసుకుని, కాలు మీద కాలేసుకుని, ఈ కాలం కుర్రాళ్ళకి ఆటలో మర్యాద తెలియడం లేదని నువ్వు చెబుతుంటే చూశాను. బ్రహ్మాండంగా ఉన్నావు.

ఫోన్ చేస్తే పోయేదిగా అంటావు. ఫోన్లో నువ్వు మధ్యలో నవ్వుతావు. నువ్వు నవ్వితే నేను చెప్పాలనుకున్నది సగంలో ఆపేస్తాను, చిన్నప్పటి నుంచీ అంతే. కాగితం మీద నువ్వు నాకు అడ్డు రాలేవు. అందుకని చివరిదాకా చదువు. నీ హోటల్లో జనం పలచబడ్డాక, బార్ వెనక గదిలో తలుపు వేసుకుని చదివితే ఇంకా మంచిది.

ముందు నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. వాన పడింది. ఏప్రిల్ చివర్లో రెండు రోజులు ముసురు పట్టింది, ఎర్రమట్టి బాగా నానింది, గోధుమ విత్తనాలు వేస్తున్నారు. ట్రాక్టర్ ఎక్కేది మీ బావ వెర్న్ కాదు, పెద్దమ్మాయి రోస్‌లిన్, అల్లుడు. అమ్మ సమాధి రాయి ఒరిగిందని ఎవరో నీతో అన్నారట. ఒరిగింది, నిలబెట్టించాను. మన నరాబిల్ మైదానంలో నీ పేరు పెట్టిన గేటుకి రంగు వేశారు. ఆ గేటు లోంచి నేను వెళ్ళడం లేదు, పక్కన గొర్రెల దారిలోంచి వెళ్తాను. అందరూ నాకు దారి దగ్గరవుతుందని అనుకుంటున్నారు.

"బావ ఇంకా పిల్లల ఫుట్‌బాల్ జట్టుకి నేర్పుతున్నాడా?" అని అడిగావు. లేదు. మాన్పించి రెండేళ్ళయింది. ఒక శనివారం విరామంలో మన పిల్లల్ని చుట్టూ నిలబెట్టుకుని మాట్లాడుతూ మాట్లాడుతూ, నడుచుకుంటూ వెళ్ళి ఎదుటి జట్టు గుంపులో నిలబడి వాళ్ళకి చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు, ఏదో తమాషా చేసినట్టు. తర్వాతి వారం మనం కొట్టాల్సిన గోల్ ఎటువైపని నన్నే అడిగాడు. ఆ తర్వాత కమిటీవాళ్ళు ఇంటికొచ్చి, టీ తాగి, ఎంతో గౌరవంగా ఈల తిరిగి పట్టుకెళ్ళారు.

ఈ సంగతులన్నీ క్రిస్మస్‌కి ముందే నీకు రాశాను. నువ్వు కార్డు మీద "వయసు మీద పడుతోంది అక్కా, అందరికీ అంతే" అని రాసి పంపావు. వెర్న్‌కి యాభై ఒకటి. ఆ కార్డుకి నేనెందుకు జవాబు రాయలేదని ఇప్పుడు అడుగుతున్నావు. ఆ కార్డు వల్లే రాయలేదు.

పోయిన శీతాకాలం అతన్ని పట్నంలో పెద్ద డాక్టర్‌కి చూపించాం. ఆయన సూటిగా అడిగాడు.

"ఆటలో తలకి ఎన్ని దెబ్బలు తగిలాయమ్మా?"

"లెక్క ఎవరు పెట్టారు డాక్టరుగారూ. పద్నాలుగేళ్ళు ఆడాడు."

"స్పృహ తప్పినవి ఎన్ని?"

"ఒకటి," అన్నాను.

ఆయన రాసుకున్నాడు. ఆ ఒక్క దెబ్బ వల్లే ఇలా అయిందని చెప్పలేనన్నాడు, కాదని కూడా చెప్పలేనన్నాడు. నేనూ అంతకు మించి అనను. నా మనసులో ఉన్నది వేరు, అది నీకు తెలిసిందే.

ఇక అసలు సంగతి. మే నాలుగున నీ పార్సిల్ వచ్చింది. నువ్వు సంతకం చేసిన బంతి, నీ ఉత్తరం, దాంతో పాటు టైపు కొట్టించిన కాగితం. ఉత్తరంలో ఎంత వెన్న రాశావురా! "అక్కా, ఇది చిన్న లాంఛనం. బావ చేత సంతకం పెట్టించి పంపు. వచ్చే నెల విందుకి మీరిద్దరూ రండి. వేదిక మీద బావ నా పక్కనే నిలబడతాడు, భుజాల మీద చేతులేసుకుని ఫోటో దిగుతాం. ఆ రోజు ట్రిబ్యునల్‌లో బావ ఆటగాళ్ళ మర్యాద నిలబెట్టాడు, ఆ సంగతి నేనెన్నడూ మర్చిపోలేదు."

మర్చిపోలేదట. ఇరవై ఆరేళ్ళలో ఈ మాట రాయడం ఇదే మొదటిసారి.

విందు ఎందుకో పేపర్లో చదివాను. నగరంలో పన్నెండు సీజన్లు, నూట ఎనభై ఏడు ఆటలు, మూడేళ్ళు కెప్టెన్, ఒక కప్పు, రెండుసార్లు క్లబ్బులో అత్యుత్తమ ఆటగాడు. మోకాలు పోయాక నాలుగేళ్ళు కోచ్. తర్వాత టీవీ, హోటల్, హోటల్ గోడల నిండా నీ ఫోటోలు. ఇవన్నీ ఉన్నవాళ్ళు ఇంకో పదిమంది ఉంటారు. నీ దగ్గర వాళ్ళకి లేనిది ఒకటుంది. పన్నెండేళ్ళలో ఒక్క అంపైర్ కూడా నీ పేరు రాసుకోలేదు, ఒక్క ఆట నుంచి కూడా నిన్ను తప్పించలేదు. మచ్చలేని ఆటగాడు అని ఆ క్లబ్బువాళ్ళు గోడ మీద ఇత్తడి అక్షరాలు పెట్టబోతున్నారు. సరిగ్గా ఆ సమయానికి పేపర్లో పనిచేసే ఫ్రాన్సెస్ కీటింగ్ అనే అమ్మాయి నీ చిన్ననాటి ఆట గురించి రాద్దామని ఇక్కడికొచ్చి, మా జట్టుకి తువ్వాలు పట్టుకుని తిరిగిన టెడ్ హార్గన్‌ని పలకరించింది. టెడ్ నోరు విప్పాడు. క్లబ్బు పెద్దలకి ఆ మాట చేరింది, నీకు చెమటలు పట్టాయి. అప్పుడు నీకు బావ గుర్తొచ్చాడు.

టెడ్ మీద పళ్ళు నూరకు. అతనికి ఊపిరితిత్తులు పాడయ్యాయి, మంచం మీద ఉన్నాడు. చూడ్డానికి వెళ్తే నా చెయ్యి పట్టుకున్నాడు.

"కడుపులోది కక్కేశానమ్మా నోలా. తప్పయితే తిట్టు."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు టెడ్?"

"వెర్నే చెప్పలేదుగా! దెబ్బ తిన్నోడే నోరు కట్టుకుంటే మధ్యలో నేనెవర్ని? మొదట పరిగెత్తింది నేనే. దవడ ఓ పక్కకి జారిపోయుంది. భుజం తగిలితే అట్టా అవుద్దా? నేను ముప్ఫయ్యేళ్ళు మైదానంలో ఉన్నోణ్ణి, నాకు తెలీదూ?"

నేను తల దించుకుని కూర్చున్నాను. ఎందుకో ముందు ముందు రాస్తాను.

నీ కాగితంలో ఏముందో నీకు తెలుసు కాబట్టి మళ్ళీ రాయను. "బంతి కోసం ఇద్దరం పరిగెత్తుతుండగా పొరపాటున" అనే ముక్క దగ్గర మాత్రం నాకు ఒళ్ళు మండిపోయింది. ఏ బంతిరా? బంతి అక్కడుందా?

నువ్వు మర్చిపోయి ఉంటే గుర్తు చేస్తాను. అరవై మూడు, గ్రాండ్ ఫైనల్. నరాబిల్ తరఫున నువ్వు, వుర్రింగ్ తరఫున వెర్న్. మా పెళ్ళయి నాలుగు నెలలు. నువ్వు వాళ్ళ ముందు వరుసలో నడిమి ఆటగాడివి, నిన్ను కాచే పని వెర్న్‌ది. ఇరవై ఏళ్ళ నీకు అప్పటికే కళ్ళు నెత్తికెక్కాయి. నగరం నుంచి ఆ క్లబ్బు మనిషి నిన్ను చూడటానికే వచ్చాడని నరాబిల్ మొత్తానికి తెలుసు. బూడిదరంగు టోపీ, స్కోరు బోర్డు కింద కుర్చీ. మూడు క్వార్టర్లు నువ్వు పట్టిన బంతులు రెండు, కొట్టిన గోల్స్ సున్నా. వెర్న్ నిన్ను కదలనివ్వలేదు. మూడో క్వార్టర్ అయ్యేసరికి ఆ టోపీ మనిషి స్కోరు పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. నువ్వు చూశావు, నేనూ చూశాను.

నేను గీత పక్కన మా కారు బానెట్ మీద కూర్చున్నాను. నాలుగో క్వార్టర్ మొదట్లో బంతి అటు చివర పడింది. కార్లన్నీ హారన్లు కొడుతున్నాయి, జనం అటే చూస్తున్నారు, అంపైర్ అటే చూస్తున్నాడు. కొత్త పెళ్ళికూతురు బంతిని చూస్తుందా క్లైవ్? నేను మొగుణ్ణి చూస్తున్నాను. వెర్న్ నడుం మీద చేతులేసుకుని, నీకు వీపు పెట్టి, ఆట ఎటు పోతోందా అని చూస్తున్నాడు. నువ్వు నాలుగడుగులు పరిగెత్తి వచ్చి, పిడికిలి బిగించి వెనక నుంచి కొట్టావు. అతను చేతులు కూడా అడ్డం పెట్టుకోకుండా పడ్డాడు. నువ్వు ఆగలేదు. తిరిగి నీ చోటికి నడుచుకుంటూ వెళ్ళి సాక్స్ పైకి లాక్కున్నావు.

వెర్న్‌ని ఊడదీసిన తలుపు మీద పడుకోబెట్టి మోసుకెళ్ళారు. అతని చోటికి వచ్చిన బక్క పాల్ లిండ్‌నర్ మీద నువ్వు నాలుగు గోల్స్ కొట్టావు. నరాబిల్ మూడు పాయింట్లతో గెలిచింది. టోపీ మనిషి పుస్తకం మళ్ళీ తెరిచాడు. నీ కెరీర్ అంతా ఆ నాలుగు గోల్స్ మీద కట్టుకున్నదే. ఇత్తడి అక్షరాలు పెట్టేవాళ్ళకి ఎవరైనా ఈ ముక్క చెప్పారా?

గీత దగ్గరుండే బౌండరీ అంపైర్ ఒక్కడు చూశాడు, నీ పేరు రాసుకున్నాడు. మంగళవారం సాయంత్రం ట్రిబ్యునల్, ముగ్గురు లీగు పెద్దల ముందు విచారణ. తప్పు రుజువైతే పది ఆటల దాకా నిషేధం పడేది, నగరంలోనూ ఆ శిక్ష చెల్లేది. టోపీ మనిషి అమ్మతో ముఖం మీదే చెప్పాడట, చేతిలో శిక్ష పెట్టుకుని వస్తే మాకొద్దు, వేరేవాణ్ణి చూసుకుంటామని. అక్కడ నువ్వు ఏం చేశావు? బంతి కోసం పరిగెత్తుతుంటే తగిలిందన్నావు. అంపైర్ వెనక నుంచి కొట్టాడన్నాడు. ఇద్దరి మాటలకీ మధ్య వెర్న్ మాట మిగిలింది.

మైదానంలో జరిగింది మైదానంలోనే వదిలేయాలని, ట్రిబ్యునల్‌లో ఎదుటివాడి మీద చెప్పినవాడు మగాడు కాదని మీకు మీరు పెట్టుకున్న రూలు ఉంది కదా. వెర్న్ కూడా ఆ రూలు కోసమే అబద్ధం ఆడాడని నువ్వు ఇరవై ఆరేళ్ళుగా నమ్ముతున్నావు. వుర్రింగ్‌లో అందరూ నమ్ముతున్నారు. అతన్ని మెచ్చుకున్నారు కూడా. ఇప్పుడు నువ్వు మర్యాద అంటున్నది దాన్నే.

ఇక్కడి నుంచి మెల్లగా చదువు. ఈ ముక్క ఎవరికీ చెప్పలేదు, నా కూతుళ్ళకి కూడా.

ఆ రోజు వెర్న్ పళ్ళన్నీ తీగతో బిగించి కట్టారు. ముఖం గుమ్మడికాయంత వాచింది, మాట పెగల్లేదు. అందుకని అతను చెప్పాల్సింది రాసివ్వాలని, భార్య చదవొచ్చని ట్రిబ్యునల్‌వాళ్ళు ఒప్పుకున్నారు. నేను చదవడం నువ్వూ విన్నావు. అతని మాటలే అనుకున్నావు.

అతని మాటలు కావు.

ముందు రోజు అమ్మ ఆస్పత్రికి వచ్చింది. వెర్న్ నిద్రపోతున్నాడు. నన్ను బయట వరండాలోకి లాక్కెళ్ళి ఏడుస్తూ మాట్లాడింది.

"వెర్న్‌కేం పోయిందే? దవడ నెలన్నరలో అతుక్కుంటుంది. ఎట్లాగూ గోధుమల్లో పుట్టాడు, గోధుమల్లోనే ఉంటాడు. నీ తమ్ముడికి ఈ తలుపు ఇంకోసారి తెరుచుకోదు. మీ నాన్న పోయాక మనింట్లో ఒక్కడైనా తలెత్తుకోవద్దా?"

"అమ్మా, నేను కళ్ళారా చూశాను."

"చూశావు. చూసి కూడా తమ్ముడనుకోలేవా?"

ఏం చదవాలో అమ్మే చెప్పింది, మూడు వాక్యాలు. నేను అక్కడికక్కడే బట్టీ పట్టేశాను.

మంగళవారం పొద్దున వెర్న్ పెన్సిల్‌తో తన కాగితం రాసుకున్నాడు. వాళ్ళ నాన్న చర్చి పెద్ద, అబద్ధం ఆడితే పిల్లల్ని భోజనాల బల్ల దగ్గరికి రానివ్వని ఇల్లు అది. అందులో ఇలా ఉంది. "బంతి మా దగ్గర లేదు. క్లైవ్ నన్ను వెనక నుంచి కొట్టాడు. నాకు పగ లేదు, శిక్ష తక్కువ వేయమని కోరుతున్నాను. కానీ అబద్ధం చెప్పను."

నీ శిక్ష తగ్గించమని కూడా అడిగాడురా. అంత బాధలో ఉండి.

ఆ సాయంత్రం నేను లేచి నిలబడ్డాను. చేతిలో వెర్న్ కాగితం పట్టుకుని, దాని మీద కళ్ళు పెట్టి, అమ్మ చెప్పిన మూడు వాక్యాలు చదివాను. "బంతి కోసం ఇద్దరం పరిగెత్తుతున్నాం. క్లైవ్ భుజానికి నా దవడ తగిలింది. ఇందులో అతని తప్పేం లేదు." చర్చిలో వాక్యం చదివినట్టు చదివాను. ముగ్గురు పెద్దల్లో ఒక్కడు కూడా కాగితం ఇటివ్వమ్మా అని అడగలేదు. మధ్యలో కూర్చున్నాయన లేచి వచ్చి వెర్న్ వీపు తట్టాడు.

"ఆటగాడంటే నువ్వయ్యా," అన్నాడు.

వెర్న్ నా పక్కనే ఉన్నాడు. బల్ల మీద పెన్సిల్ ఉంది. చేత్తో తీసుకున్నాడు. నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను. పెన్సిల్ కింద పెట్టేశాడు. అప్పుడు నువ్వు వచ్చి చెయ్యి చాచావు, అతను కలిపాడు. తన పెళ్ళాన్ని అంతమందిలో అబద్ధాలకోరుని చెయ్యడం ఇష్టం లేక ఊరుకున్నాడు. నీకోసం కాదు, మీ ఆటగాళ్ళ మర్యాద కోసమూ కాదు.

కార్లో కూర్చున్నాక పుస్తకంలో రాసి చూపించాడు. "మీ అమ్మని ఇక ఏడవద్దను." కింద ఇంకో వాక్యం, గీత గీసి. "ఇంకెప్పుడూ నా బదులు నువ్వు మాట్లాడకు." అంతే. ఆ రోజు నుంచీ ఇప్పటిదాకా ఆ విషయంలో నన్ను దెప్పిన ఒక్క మాట లేదు. ఎవరైనా అడిగితే మాత్రం నేను చదివిన మూడు వాక్యాలే చెప్పేవాడు. నేను అబద్ధమాడిన మనిషినని ఎవరికీ తెలియకూడదని అదే చెబుతూ పోయాడు. నువ్వు కప్పు పట్టుకుని ఊరికొచ్చిన రోజు నిన్ను భుజాల మీద ఎక్కించుకుని మైదానం చుట్టూ తిప్పింది అతనే. నేను వంటగదిలో కేకుల దగ్గర నిలబడి అన్నీ చూస్తూ, నిన్ను చంపాలనుకున్నాను. నన్ను నేను చంపుకోవాలనుకున్నాను. తర్వాత కేకులు కోశాను.

నీ మీద నాకు కోపం క్లైవ్. నా మీద అంతకంటే ఎక్కువ. నీది ఒక్క క్షణం పని. నాది ముందు రోజు బట్టీ పట్టి చేసిన పని.

ఇక మొన్నటి సంగతి. నీ పార్సిల్ వచ్చిన రోజు నేను కోళ్ళ దగ్గర ఉన్నాను. వచ్చేసరికి వెర్న్ బంతిని ఒళ్ళో పెట్టుకుని, నీ కాగితం మీద నాలుక బయటపెట్టి నిదానంగా సంతకం పెడుతున్నాడు.

"ఏం చేస్తున్నావు వెర్న్?"

"క్లైవ్ అడిగాడుగా. బావా సంతకం పెట్టు అని రాశాడు. మంచోడు నోలా వాడు. చూడు, బంతి కూడా పంపాడు."

లాక్కుని నాలుగు ముక్కలు చేశాను. అతని కళ్ళ ముందే. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. మర్నాటికి మర్చిపోయాడు.

ఆ మర్నాడు టోస్టు ముందు పెట్టి, ఎదురుగా కూర్చుని, ఉన్నదంతా చెప్పాను. నువ్వు కొట్టడం, అమ్మ ఏడవడం, నేను వేరే మాటలు చదవడం. పాటల పుస్తకంలో దాచిన అతని పెన్సిల్ కాగితం తీసి చేతికిచ్చాను. అవును, దాచాను. ఎందుకు దాచానో అప్పుడు నాకే తెలియదు. అతను చాలాసేపు చదివాడు.

"రాత నాదే," అన్నాడు.

"నీదే. నిజమూ అదే."

"నేనెందుకిలా రాస్తాను? వాడి భుజానికి నా దవడ తగిలింది. తగిలినోణ్ణి నేను, నాకు తెలీదూ? నీకు మొదట్నుంచీ నీ తమ్ముడంటే పడదు."

నేను నోటితో చదివిన అబద్ధం తప్ప అతని బుర్రలో ఇంకేం మిగల్లేదురా. రోస్‌లిన్ పుట్టిన రోజు పోయింది. మా పెళ్ళి ఏ చర్చిలో జరిగిందో పోయింది. ఆ మూడు వాక్యాలు మాత్రం ఒక్క అక్షరం పోకుండా ఉన్నాయి. అతని నోటి నుంచి వింటుంటే అమ్మ గొంతు వినిపిస్తోంది. నన్ను క్షమించమని అడుగుదామంటే, ఏం తప్పు చేశానో అతనికి తెలియదు. తిడితే పడదామంటే తిట్టేవాడూ లేడు.

అందుకని నిర్ణయించుకున్నాను. వచ్చే గురువారం, ఇరవై ఐదో తారీఖు, ఫ్రాన్సెస్ కీటింగ్ మా ఇంటికి వస్తోంది. రమ్మని నేనే కబురు పెట్టాను. పెన్సిల్ కాగితం ఆమె చేతికిస్తాను. నేను ట్రిబ్యునల్‌లో ఏం చదివానో, ఎవరు చదివించారో, నేను ఏం చూశానో చెబుతాను. నా పేరుతోనే రాయమంటాను. చచ్చిపోయిన అమ్మని బజారుకీడుస్తావా అంటావు. ఈడుస్తాను. ఆమె వెనకే నేనూ నడుస్తాను. వుర్రింగ్‌లో ఆడవాళ్ళ కమిటీకి ఇరవై ఏళ్ళుగా నేను అధ్యక్షురాలిని, ఆ తర్వాత నా పక్కన ఎవరు కూర్చుంటారో చూస్తాను. నీ ఇత్తడి అక్షరాలు ఏమవుతాయో నాకు పట్టదు.

నన్ను ఆపడానికి ఫోన్ చేయకు. రోస్‌లిన్‌తో చెప్పించకు. నీకు చేయగలిగింది ఒక్కటే ఉంది. గురువారానికి ముందే కారెక్కి ఇక్కడికి రా. నీలం కోటు అక్కర్లేదు. నా వంటింట్లో, బల్ల దగ్గర, బావ ఎదురుగా కూర్చుని నీ నోటితో నువ్వు చెప్పు, బావా నిన్ను వెనక నుంచి కొట్టింది నేనే అని. అతను నమ్మడు. నిన్ను చూసి సంబరపడతాడు, టీ పెట్టమంటాడు. నువ్వు వదలకుండా చెబితే కోపం తెచ్చుకుంటాడు. మా క్లైవ్ అలాంటివాడు కాడని, వాడి మీద ఒక్క మచ్చ కూడా లేదని, నీ మీద మాట పడనివ్వకుండా నీతోనే పోట్లాడతాడు. పళ్ళ బిగువున కూర్చుని విను. మర్నాడు మళ్ళీ మొదటి నుంచి చెప్పు, మళ్ళీ విను. పన్నెండు రోజులుగా పొద్దున్నే నేను చేస్తున్నది అదే.

ఇట్లు,
నీ తోడబుట్టిన పాపానికి ఇంకా నీ అక్కనే అయిన
నోలా